ఓడ లేని రేవుకి రైలెందుకు?

ఏటా డిసెంబరు 22 వచ్చేసరికి, తమిళనాడులో రామేశ్వరం దీవి కొసన 1964 తుపానులో పోయిన ధనుష్కోటి ఫొటోలు మళ్ళీ తిరగడం మొదలవుతాయి. ఇసుకలో మొండిగోడలు, పైకప్పు లేని చర్చి, కింద "ఒక్క రాత్రిలో సముద్రం మింగేసిన ఊరు" అని ఒక వాక్యం. 2025 ఏప్రిల్ 6న, రామేశ్వరం దీవిని ఇటు నేలతో కలిపే పాంబన్ కొత్త రైలు వంతెన తెరిచాక వీటికి ఇంకో కోరిక కూడా తోడైంది. రామేశ్వరం దాకా రైలు దర్జాగా వస్తోంది కదా, ఆ మిగిలిన పదిహేడు కిలోమీటర్లూ వేసేస్తే ధనుష్కోటికి పాత వైభవం వస్తుంది అని. కాశీ, రామేశ్వరం తిరిగొచ్చే మన తెలుగు యాత్రికుల నోట కూడా ఈ మాట బాగా వినిపిస్తోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ లైను మళ్ళీ వేయకూడదు. తుపాను వస్తే కొట్టుకుపోతుందన్న భయం ఒక కారణమే, కానీ అదే అసలు కారణమైతే పాంబన్ వంతెన కూడా కట్టకుండా ఉండాల్సింది. అసలు కారణం ఆ స్టేషన్ ఎందుకు పుట్టిందన్న దాంట్లోనే ఉంది. మనం ధనుష్కోటి చరిత్రని ఒక్క రాత్రికి కుదించేశాం. దానికి ముందు యాభై ఏళ్ళు అక్కడ ఏం జరిగిందో వదిలేశాం. అందుకే రైలు వేస్తే వైభవం దానంతటదే వచ్చేస్తుందని అనిపిస్తోంది.

పాంబన్ దగ్గర చీలిన దారి

1914కి ముందు మద్రాసు నుంచి కొలంబో వెళ్ళాలంటే తూత్తుకుడి దాకా రైల్లో వెళ్ళి, అక్కడ స్టీమరెక్కి రాత్రంతా సముద్రం మీద ఊగాలి. ఆ సముద్ర ప్రయాణాన్ని తగ్గించడానికి వేసిన పథకమే ధనుష్కోటి లైను. మొదట రామసేతు ఇసుక తిన్నెల మీదుగా ఏకంగా సిలోన్ (ఇప్పటి శ్రీలంక) దాకా పట్టాలు వేయాలన్న ఆలోచన కూడా నడిచింది. ఖర్చుకి జడిసి దాన్ని వదిలేసి, రెండు తీరాల చివర్లకి రైలు, మధ్యలో ఓడ అన్న ఏర్పాటుకి వచ్చారు. ఇటు చివర ధనుష్కోటి, అటు సిలోన్ చివర తలైమన్నార్. మధ్యలో ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు నీళ్ళు.

ఇది కుదరాలంటే ముందు మండపం, పాంబన్‌ల మధ్య రెండు కిలోమీటర్ల పాయ దాటాలి. 1914 ఫిబ్రవరి 24న తెరిచిన పాత పాంబన్ వంతెన ఆ పని చేసింది. నలభై అడుగుల గడ్డర్లతో (ఇనుప దూలాలతో) 145 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు, ఓడలకి దారి వదలడానికి మధ్యలో షెర్జర్ ఖానా ఒకటి. షెర్జర్ ఖానా అంటే రెండు రెక్కల తలుపు లాంటిది. ఒక్కో రెక్క వెనక బరువు కట్టి ఉంటుంది, రెక్క పైకి లేస్తూ వెనక్కి దొర్లుతుంది. బరువు సరితూగడం వల్ల మోటారు లేకుండానే మనుషులు మీటలు తిప్పుతూ లేపేవాళ్ళు. వందేళ్ళ పాటు అది అలాగే నడిచింది.

వంతెన దాటాక పాంబన్ స్టేషన్. ఇప్పటి జనానికి తెలియని విషయం ఇక్కడుంది. పాంబన్ అప్పట్లో జంక్షను. ఒక లైను ఉత్తరంగా రామేశ్వరానికి, సుమారు 10 కిలోమీటర్లు. ఇంకోటి తిన్నగా ధనుష్కోటికి, సుమారు 24 కిలోమీటర్లు. అంటే ధనుష్కోటి రైలు రామేశ్వరం మీదుగా పోలేదు. మద్రాసు ఎగ్మూరు నుంచి ఓడ ప్రయాణికుల్ని తెచ్చే బోట్ మెయిల్ అనే రైలుకి గమ్యం ధనుష్కోటే. లోకంలో ఎక్కడెక్కడి భక్తులో వచ్చే రామేశ్వరానిది పక్కకి పోయే చిన్న లైను. ఏ లైను దేనికోసం వేశారో ఈ ఒక్క చీలికే చెప్పేస్తుంది. గుడికి వెళ్ళేవాళ్ళ కంటే ఓడకి వెళ్ళేవాళ్ళకే పెద్ద పీట.

బోట్ మెయిల్ ప్రయాణికుడికి మద్రాసులోనే కొలంబో దాకా ఒకటే టికెట్టు ఇచ్చేవాళ్ళు. ధనుష్కోటిలో రైలు దిగి, కస్టమ్స్ తనిఖీ ముగించుకుని, ఓడెక్కి, తలైమన్నార్‌లో దిగి మళ్ళీ రైలెక్కి కొలంబో ఫోర్ట్ చేరడమే. తేయాకు తోటలకి వెళ్ళే కూలీలది వేరే దారి. వాళ్ళని ముందు మండపం క్యాంపులో ఆపి, వైద్య పరీక్షలు చేసి, అంటువ్యాధులు లేవని తేలాకే పంపేవాళ్ళు. ఆ క్యాంపు నడిపింది సిలోన్ ప్రభుత్వం, మన నేల మీదే. ఇప్పుడక్కడ సెల్ఫీలు దిగుతున్న స్టేషన్ గోడల మధ్యనుంచి వేలాది కూలీ కుటుంబాలు మూటలు నెత్తిన పెట్టుకుని దాటిపోయాయి. తుపాను రాత్రి గురించి రాసినంత ఈ యాభై ఏళ్ళ రాకపోకల గురించి ఎవరూ రాయరు. నాకిది పెద్ద లోటుగా అనిపిస్తుంది.

ఊరు కూడా ఈ పని చుట్టూనే పెరిగింది. కస్టమ్స్ ఆఫీసు, రేవు ఆఫీసు, పోస్టాఫీసు, ఆస్పత్రి, బడి, చర్చి, సత్రాలు. సాగుభూమి లేదు. చేపల వేట ఉంది, అది రైలు రాకముందూ ఉంది, రైలు పోయాకా ఉంది. మిగిలినదంతా రైలుకీ ఓడకీ మధ్య గడిచే ఆ కాసేపటి మీద బతికింది.

653 నంబరు పాసింజరు

1964 డిసెంబరు 17న దక్షిణ అండమాన్ సముద్రంలో పుట్టిన వాయుగుండం 19కి తుపానుగా మారింది. 21 తర్వాత దాదాపు గీత గీసినట్టు పడమటికి, రోజుకి 400 నుంచి 550 కిలోమీటర్ల చొప్పున నడిచింది. 22న సిలోన్‌లో వవునియా మీదుగా దాటి ఆ రాత్రే ధనుష్కోటిని తాకింది. గాలి వేగం గంటకి 280 కిలోమీటర్లని, ఉప్పెన ఎత్తు 7 మీటర్లని అంచనా. పాంబన్ నుంచి రాత్రి 11.55కి బయల్దేరిన 653 నంబరు ధనుష్కోటి పాసింజరు, స్టేషన్ ఇంకో కొన్ని వందల గజాల దూరంలో ఉందనగా కెరటం కిందికి వెళ్ళిపోయింది. లెక్కలో ఉన్నవాళ్ళు 110 మంది ప్రయాణికులు, ఐదుగురు రైల్వే సిబ్బంది. ఒక్కరూ మిగల్లేదు.

ఈ ఘట్టం గురించి చెప్పేవాళ్ళంతా ఒక మాట అంటారు. స్టేషనుకి కాస్త ముందుండే ఔటర్ సిగ్నల్ దగ్గర దీపం లేదు, డ్రైవరు కాసేపు ఆగి, కూత వేసి, చివరికి తెగించి ముందుకి పోనిచ్చాడు, ఘోరం జరిగింది అని. వినగానే తప్పు డ్రైవరుదన్నట్టు ఉంటుంది. రైలు నడిపే పద్ధతి తెలిసినవాళ్ళు ఈ మాటని అలా వదిలేయకూడదు.

అప్పటి సిగ్నలంటే స్తంభం మీద చేయి, చేతికి ఎర్ర, పచ్చ అద్దాలు, వెనకాల కిరసనాయిలు దీపం. స్టేషన్లో మీట లాగితే తీగ లాగబడి చేయి వాలుతుంది. రాత్రిపూట డ్రైవరుకి చేయి కనపడదు, దీపం రంగు ఒక్కటే కనపడుతుంది. దీపం ఆరిపోయిన సిగ్నలుని ఆపు సిగ్నలుగానే లెక్కించాలన్నది మొదటి నియమం. అంటే బండి ఆపాలి, కూత వెయ్యాలి, కాసేపు చూడాలి, అప్పటికీ సిగ్నలు పడకపోతే ఫైర్‌మన్‌ని దింపి స్టేషనుకి నడిపించి సంగతి కనుక్కోవాలి. మామూలు రాత్రి అయితే పది నిమిషాల పని. ఆ రాత్రి రెండు వైపులా సముద్రమున్న ఇసుక పట్టీ మీద, మనిషి నిలబడలేని గాలిలో, లాంతరు పట్టుకుని ఎవరు నడుస్తారు? నడిచినా స్టేషనే లేదు. బండి అక్కడే ఆగి ఉంటే బతికేదా అంటే, ఏడు మీటర్ల నీటికి ఔటర్ సిగ్నల్ దగ్గర నేలా ఒకటే, ప్లాట్‌ఫాం దగ్గర నేలా ఒకటే.

నిర్ణయం తీసుకోవాల్సిన చోటు ఔటర్ కాదు, పాంబన్. సమయం 11.55. అక్కడినుంచి బండి కదలకుండా ఉండాల్సింది. తీరం తీరమంతా తంతి తీగలు తెగిపోతున్న రాత్రి పాంబన్‌లో ఉన్నవాళ్ళకి ఎంత తెలుసన్నది వేరే ప్రశ్న. వాళ్ళనీ నేను తప్పుపట్టను. తర్వాతి కాలంలో పాంబన్ వంతెన మీద గాలి వేగం కొలిచే యంత్రం పెట్టి, గంటకి 58 కిలోమీటర్లు దాటితే సిగ్నలు దానంతటదే ఎర్రగా మారేలా చేశారు. బండి ఆపాలా వద్దా అన్న బరువు మనిషి నెత్తి మీద నుంచి తీసేశారు. 653 నుంచి రైల్వే నేర్చుకున్న పాఠంగా నాకు కనిపించేది అదే. ఆ డ్రైవరు తెగింపు కథ చెప్పేవాళ్ళు దీన్నికూడా చెప్పాలి.

ఒకే తుపాను, రెండు ఫలితాలు

ఇప్పుడు నా వాదనకి వస్తాను. ఆ రాత్రి ధనుష్కోటి లైనుతో పాటు పాంబన్ వంతెన కూడా పోయింది. 145 గడ్డర్లలో 126 సముద్రంలో పడ్డాయి. షెర్జర్ ఖానా నిలిచింది, స్తంభాలు చాలావరకు నిలిచాయి. వంతెన బాగుచేయడానికి రైల్వే ఆరు నెలల గడువు పెట్టుకుంది, దాన్ని మూడు నెలలకి కుదించారు. పని అప్పగించింది 32 ఏళ్ళ ఇంజినీరు ఇ. శ్రీధరన్‌కి. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టినాయన. ఆయన ఇంజినీరింగ్ చదివింది మన కాకినాడ ప్రభుత్వ కళాశాలలో. కొత్త గడ్డర్లు ఎక్కడినుంచో తెప్పిస్తే కాలం సరిపోదు. సముద్రం అడుగున పడినవి ఎక్కడున్నాయో స్థానిక జాలరులు ఆనవాలు పట్టి చెబితే, వాటిని పైకి తీసి, పనికొచ్చేవి మళ్ళీ స్తంభాల మీదికి ఎక్కించారు. 46 రోజుల్లో వంతెన మీద బండి నడిచింది. 126 గడ్డర్లు, 46 రోజులు. సగటున రోజుకి మూడుకి కాస్త తక్కువ.

అదే చేతులు, అదే రైల్వే, అదే సంవత్సరం. వంతెన లేచింది. ఆ వంతెనకి అటు పక్క 24 కిలోమీటర్ల లైను మాత్రం లేవలేదు. సముద్రంలో గడ్డర్లు ఎత్తినవాళ్ళకి ఇసుకలో మీటర్ గేజ్ పట్టాలు పరవడం కష్టమని ఎవరూ అనలేరు. పరవలేదంటే, పరవాల్సిన అవసరం కనపడలేదు. రేవు పోయింది. ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. ఓడని రామేశ్వరం నుంచి నడిపితే సరిపోతుందని తేలింది, కొన్నాళ్ళకి రామానుజం అనే ఓడ రామేశ్వరం, తలైమన్నార్‌ల మధ్యే తిరిగింది. 1980ల్లో శ్రీలంకలో యుద్ధం ముదిరాక అదీ ఆగిపోయింది. పక్కకి పోయే చిన్న లైనుగా ఉన్న రామేశ్వరం అసలు గమ్యమైంది, అసలు లైను చరిత్రలో కలిసిపోయింది.

అందుకే "తుపాను ధనుష్కోటి స్టేషన్‌ని చంపేసింది" అన్న మాటని నేను సగమే ఒప్పుకుంటాను. తుపాను కొట్టింది. మళ్ళీ లేవకపోవడానికి కారణం, ఓడ అక్కడినుంచి కదిలిపోవడం.

దీన్ని మన దగ్గరి సంగతితో పోల్చి చూడండి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ పడ్డ దెబ్బ ధనుష్కోటి కంటే ఎన్నో రెట్లు పెద్దది. అయినా దివిసీమ ఊళ్ళు మళ్ళీ లేచాయి. అక్కడ పొలం ఉంది, కాలవ నీళ్ళున్నాయి, మిగిలినవాళ్ళకి తిరిగి రావడానికి ఒక కారణం ఉంది. ధనుష్కోటిలో జాలరులకి ఆ కారణం ఉంది, వాళ్ళు తిరిగొచ్చారు కూడా. కస్టమ్స్ గుమస్తాకీ, సత్రం నడిపేవాడికీ, స్టేషన్ మాస్టరుకీ లేదు.

మరి తలైమన్నార్ సంగతేమిటని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్న, నన్నూ చాలాసేపు ఆలోచింపజేసింది. అటు వైపు లైను కూడా 1990లో యుద్ధం వల్ల మూతపడింది. మన రైల్వేకి చెందిన నిర్మాణ సంస్థ ఇర్కానే దాన్ని తిరిగి కట్టింది. మెదవచ్చియ నుంచి మడు దాకా 43 కిలోమీటర్లు, అక్కణ్ణించి తలైమన్నార్ పియర్ దాకా 63. 2015 మార్చి 14న మన ప్రధాని జెండా ఊపితే బండి కదిలింది. ఓడ లేకుండానే లైను తిరిగొచ్చింది కదా? వచ్చింది, ఎందుకంటే ఆ 106 కిలోమీటర్ల దారిలో మన్నార్ ఉంది, మడు చర్చికి వచ్చే యాత్రికులున్నారు, యుద్ధం తర్వాత ఇళ్ళకి తిరిగొచ్చిన జనం ఉన్నారు. చివరి రేవు లేకపోయినా లైనుకి మధ్యలో ప్రాణం ఉంది. ధనుష్కోటి లైనుకి మధ్యలో ఇసుక, తుమ్మచెట్లు, ఉప్పునీటి మడుగులు, జాలరి గుడిసెలు కొన్ని.

పోయిన లైను మళ్ళీ వేస్తే ఏమవుతుందో చూడాలంటే కాకినాడ కోటిపల్లి లైను ఉండనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, పట్టాలు పీకేశారు. 64 ఏళ్ళకి, 2004లో, 45 కిలోమీటర్లు మళ్ళీ వేశారు. నరసాపురం దాకా గోదావరి పాయలు దాటి వెళ్తుందన్న ఆశతో వేసిన లైను అది. వంతెనలు పూర్తి కాలేదు, లైను కోటిపల్లి రేవు దగ్గరే ఆగింది. ఆగిపోయిన లైను మీద రైల్‌బస్ తిప్పారు, కోవిడ్ రోజుల్లో అదీ నిలిచిపోయింది. కోనసీమకి ఆ లైను అవసరం ఉంది, అది పూర్తి కావాలనే నేను గట్టిగా కోరుకుంటాను. చుట్టూ ద్రాక్షారామం, రామచంద్రపురం లాంటి ఊళ్ళున్న లైనుకే అటు దారి తెగితే ఇంత గడ్డుకాలం వస్తే, ఊరే లేని చోట ఆగిపోయే లైనుకి ఏ గతి పడుతుందో ఊహించుకోవచ్చు.

ఇసుక మీద పట్టాలు

2019 మార్చి 1న ధనుష్కోటి లైనుకి శంకుస్థాపన జరిగింది. 17.2 కిలోమీటర్లు, అప్పటి అంచనా 208 కోట్ల రూపాయలు. ఈసారి పాంబన్ నుంచి కాదు, రామేశ్వరం నుంచి. భూమి ఇవ్వడానికి తమిళనాడు ప్రభుత్వం ఒప్పుకోలేదు, పర్యావరణపరంగా సున్నితమైన చోటన్నది వాళ్ళ అభ్యంతరం. పని ఆగిపోయింది. దీన్ని రాజకీయంగా చూసేవాళ్ళు చాలామంది. నేలని చూద్దాం.

బ్రాడ్ గేజ్ లైనులో కిలోమీటరుకి 1,660 కాంక్రీటు స్లీపర్లు పడతాయి. ఒక్కోటి పావు టన్నుకి పైనే బరువు. 17.2 కిలోమీటర్లకి ఇరవై ఎనిమిదిన్నర వేల స్లీపర్లు. మీటరుకి 60 కిలోల పట్టా, రెండు వైపులా కలిపి కిలోమీటరుకి 120 టన్నులు, మొత్తం రెండు వేల టన్నుల పైచిలుకు ఉక్కు. కంకర కిలోమీటరుకి రెండు వేల ఘనపు మీటర్లకి పైమాటే. రామేశ్వరం దీవంతా ఇసుకా, పగడపు రాయీ. కంకరకి పనికొచ్చే నల్లరాయి దొరకదు. ప్రతి రాయీ పాయ దాటించి తేవాలి. తేవచ్చు, అదేం పెద్ద విషయం కాదు. తెచ్చాక ఏమవుతుందన్నదే చూడాలి.

కంకర పని రెండు. బండి బరువుని సమానంగా కట్ట మీదికి పంచడం, వాన నీటిని కిందికి వదిలేయడం. రాళ్ళ మధ్య ఖాళీలుంటేనే ఈ రెండూ జరుగుతాయి. ధనుష్కోటిలో ఏడాదిలో చాలా నెలలు గాలి ఇసుకని మోసుకొస్తూనే ఉంటుంది. ఆ ఇసుక కంకర ఖాళీల్లో దిగి, తడితో బిగిసి గడ్డకడుతుంది. అప్పుడు కంకర మెత్తదనం పోతుంది, స్లీపరు కింద ప్యాకింగ్ చేద్దామంటే, అంటే కంకర కూరి బిగిద్దామంటే, పరికరం దిగదు, పట్టా ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా తయారవుతుంది. మిషను పెట్టి కంకర మొత్తం తవ్వి, జల్లించి, మళ్ళీ వెయ్యాలి. లోపల పొలాల మధ్య పోయే లైనుకి ఏళ్ళ తరబడి అవసరం పడని ఈ పని ఇక్కడ మాటిమాటికీ నెత్తిన పడుతుంది.

ఉప్పుది ఇంకో దెబ్బ. పట్టాకి తుప్పు పైనుంచి కనపడదు. పట్టా అడుగు అంచు మీద, పట్టాకీ క్లిప్పుకీ మధ్య ఉండే లైనరు అనే బిళ్ళ కూర్చునే చోట తడి నిలుస్తుంది, అక్కడ మొదలవుతుంది. పై నుంచి చూస్తే పట్టా నిగనిగలాడుతుంటుంది, లైనరు తీస్తే కింద ఉక్కు పొరలు పొరలుగా లేచి వస్తుంది. పట్టాని స్లీపరుకి బిగించే క్లిప్పులు కాంక్రీటులో ఉన్న ఇనుప గూటికి తుప్పుతో అతుక్కుపోతాయి, సుత్తితో కొట్టినా ఊడవు. అందుకే సముద్రతీరపు లైన్లలో ఏటా క్లిప్పులు తీసి, తోమి, గ్రీజు రాసి మళ్ళీ కొడతారు. ఇది యంత్రం చేసే పని కాదు. ట్రాక్‌మన్‌లు వంగి, ఒక్కో స్లీపరుకి నాలుగేసి చొప్పున, లక్షా పద్నాలుగు వేల క్లిప్పులు. కరెంటు తీగలు వేస్తే ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుని, మంచు పడిన తెల్లవారుజామున నిప్పులు చిమ్ముతాయి, వాటినీ కడుగుతూ ఉండాలి.

ఇదంతా పాంబన్ వంతెన మీదా ఉంది, అక్కడ చేస్తున్నారు. చేయగలరు కాబట్టే 72.5 మీటర్ల ఖానాని, 660 టన్నుల బరువుని, నిలువుగా 17 మీటర్లు పైకెత్తే వంతెన కట్టారు. నేను అడిగేది చేయగలమా అని కాదు. పాంబన్ మీద ఆ శ్రమకి ఫలం ఉంది, అవతల రామేశ్వరం ఉంది. పేరుకి తగ్గ ఓడ లేకపోయినా బోట్ మెయిల్ ఇప్పటికీ ఎగ్మూరు నుంచి రామేశ్వరానికి నిండుగా నడుస్తోంది.

అన్నిటికంటే నన్ను ఆపే విషయం నీళ్ళు. ధనుష్కోటిలో జాలరి ఆడవాళ్ళు సముద్రానికి కొన్ని అడుగుల దూరంలో ఇసుక చేత్తో తవ్వి చెలమ తీస్తారు. కాసేపటికి అందులో తియ్యటి నీళ్ళు ఊరతాయి, చిన్న గిన్నెతో తోడి బిందె నింపుకుంటారు. వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలచని పొరగా తేలుతుంటుంది. చెలమ లోతు కాస్త ఎక్కువైతే ఉప్పు తగులుతుంది. ఒక రైలు అంటే ఒకేసారి వెయ్యి మంది దిగుతారు. వాళ్ళకి మరుగుదొడ్లు కావాలి, చేతులు కడుక్కోను నీళ్ళు కావాలి. బోరు వేసి మోటారు పెడితే ఆ పలచటి పొర తెగిపోతుంది. గుంట మరుగుదొడ్లు కడితే మురుగు దిగేది ఆ పొరలోకే. బస్సుల్లో వచ్చే యాభై మందిని కాసేపు నిలిపి పంపేయొచ్చు, వెయ్యి మందిని ఒకే ప్లాట్‌ఫాం మీద దింపాక ఆ మాట చెప్పలేం.

ఎదుటి వాదన

నా వాదనకి గట్టి ఎదురుదెబ్బ రోడ్డే. 2017 జులై 27న ధనుష్కోటికి ముందుండే ముకుందరాయర్ చత్రం నుంచి దీవి చిట్టచివరి కొస అరిచల్‌మునై దాకా రోడ్డు తెరిచారు. అంతకు ముందు ఇసుకలో వ్యాన్లలో కుదుపుకుంటూ వెళ్ళే చోటికి ఇప్పుడు కార్లు బారులు తీరి కొసదాకా వెళ్తున్నాయి. రైలు వేస్తే ఈ కార్లు తగ్గుతాయి, పొగ తగ్గుతుంది, పార్కింగుకి ఇసుక తిన్నెలు చదును చేసే పని తప్పుతుంది. రోడ్డుని ఒప్పుకుని రైలుని వద్దనడం న్యాయమా అని అడిగితే, సూటిగా చెప్పాలంటే న్యాయం కాదు. రోడ్డు కొసదాకా వేయడమే తొందరపాటని నా అభిప్రాయం. కాకపోతే ఒక తప్పుకి మందు ఇంకో శాశ్వతమైన కట్ట కాదు. ముకుందరాయర్ చత్రం దగ్గర సొంత బళ్ళు ఆపేసి, అక్కణ్ణించి బస్సులు మాత్రమే నడిపితే రైలు ఇస్తుందనుకునే లాభం చాలావరకు వస్తుంది. తుపాను హెచ్చరిక వస్తే బస్సులు గంటలో వెనక్కి పంపేయొచ్చు. పట్టాలని పంపలేం.

రెండో వాదన భక్తులది. సేతువులో స్నానం చేసి, అక్కడి ఇసుక ప్రయాగకి తీసుకెళ్ళి గంగలో కలపడం మనవాళ్ళు తరతరాలుగా పాటిస్తున్న ఆచారం. రైలుంటే ముసలివాళ్ళకి సుఖం. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ స్టేషన్ నుంచి నీళ్ళ దాకా ఇసుకలో నడవాల్సింది నడవాల్సిందే, మెట్టు తక్కువున్న బస్సు అంతకంటే దగ్గరగా దింపుతుంది.

మూడోది, ఓడ మళ్ళీ వస్తే? వస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను. కానీ 2023 అక్టోబరులో శ్రీలంకకి ఓడ మొదలైంది నాగపట్నం నుంచి, కంకేసన్‌తురైకి. రామేశ్వరం, తలైమన్నార్ ఓడ గురించి మాటలు నడుస్తున్నాయి, అందులోనూ ఇటు కొస రామేశ్వరమే. ధనుష్కోటి పేరు రావడం లేదు.

మరి ఆ గోడల్ని ఏం చేయాలి

రైలు వద్దన్నంత మాత్రాన స్టేషన్‌ని అలా వదిలేయమని కాదు. అసలు నా బాధంతా అక్కడే ఉంది. కొత్త లైను గురించి ఇన్ని మాటలు మాట్లాడేవాళ్ళం, నిలబడి ఉన్న నాలుగు కమాను గోడల్నీ, నీళ్ళ ట్యాంకు మొండినీ కాపాడుకోవడం గురించి మాట్లాడం. ఏటా కొంత రాలిపోతోంది. జనం ఎక్కి ఫొటోలు దిగుతారు, పేర్లు చెక్కుతారు, గోడకి ఆనుకుని గవ్వల దుకాణాలు.

ముందు గోడల చుట్టూ రెండు మూడు మీటర్ల దూరంలో కర్ర కంచె చాలు. ఇనుప కంచె వేస్తే అయిదేళ్ళలో తుప్పు పట్టి, ఆ తుప్పు నీళ్ళు గోడల పాదాల్లోకే పోతాయి. పాత జంక్షను నుంచి వచ్చిన దారి ఆనవాళ్ళు ఎక్కడ తేలితే అక్కడ గుర్తులు పెట్టాలి. ఒక బోర్డు మీద తుపాను సంగతితో పాటు బోట్ మెయిల్ దారి, మండపం క్యాంపు, అటు తలైమన్నార్ రైలు, ఈ మూడూ పటం వేసి చూపించాలి.

ఇక మరమ్మతు. ఇలాంటి చోట్ల జరిగే పెద్ద పొరపాటు సిమెంటు పూయడం. గోడ లోపల ఉప్పు ఉంటుంది, తడితో పైకి వస్తూ ఉంటుంది. సున్నపు గచ్చు అయితే ఆ తడి గచ్చులోంచి బయటికి ఆరిపోతుంది, ఉప్పు గచ్చులోనే గడ్డకట్టి గచ్చు రాలుతుంది, గోడ మిగులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. అప్పుడు ఉప్పు రాయి లోపలే పేరుకుని, ఉబ్బి, రాయినే పగలగొడుతుంది. చర్చిలాంటి పగడపు రాయి కట్టడాలకి ఇది మరీ ప్రమాదం, ఆ రాయి నిండా రంధ్రాలే. కాబట్టి ముందు ఉప్పుని పీల్చుకునే తడి గుజ్జు పట్టీలు గోడకి వేసి, ఆరాక తీసి, ఉప్పుని కొంత కొంతగా లాగాలి. ఒక్కసారితో పోదు, మూడు నాలుగు సార్లు చేయాలి. ఆ తర్వాత సందులు సున్నంతో నింపాలి. ఈశాన్య రుతుపవనం వెనక్కి తగ్గిన జనవరి నుంచి, ఎండ ముదరక ముందే మార్చి లోపల ముగించాలి. సున్నం నెమ్మదిగా ఆరితేనే గట్టిపడుతుంది కాబట్టి తడి గోనెలు కప్పి ఉంచాలి.

పట్టీలకీ, సున్నం కలపడానికీ, గోనెలు తడపడానికీ రోజూ నీళ్ళు కావాలి. సముద్రం నీళ్ళు పనికిరావు, లాగిన ఉప్పుని మళ్ళీ పోసినట్టే. చెలమల్లో తోడకూడదు, అవి అక్కడివాళ్ళ తాగునీళ్ళు. ట్యాంకరులో రామేశ్వరం నుంచి తెచ్చుకోవాలి.